గోదావరి గాలిలో గిటారు: ఏ చెక్కతో చేయించుకోవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఎకౌస్టిక్ గిటారు ఆర్డరిచ్చి చేయించుకుందామనుకునే మనవైపు వాళ్లు అడిగే ప్రశ్నలివి. మనవైపు అంటే ధవళేశ్వరం ఆనకట్ట దిగువన గౌతమి, వసిష్ఠ పాయల మధ్యా వాటికి అటూ ఇటూ ఉన్న ఊళ్లు: కాకినాడ, అమలాపురం, రాజోలు, నరసాపురం, పాలకొల్లు, భీమవరం. ఆనకట్టకు ఎగువనున్నా రాజమండ్రినీ కలుపుకుందాం. గిటారు చెక్క మీద దొరికే సలహాల్లో ఎక్కువ భాగం చలిదేశాల వాళ్లు రాసినవి. చలికాలంలో హీటరు వేసుకుంటే గది పొడిబారిపోతుంది, గిటారు పగులుతుంది. అది వాళ్ల గోల. మన గోల దానికి పూర్తిగా తిరగబడినది. అందుకని కింద చెక్కల పేర్లు ఎన్ని వచ్చాయో తేమ మాట కూడా అన్నిసార్లు వస్తుంది. కాస్త ఓపిక పట్టండి.

మాటలు ముందే అనుకుందాం. టాప్ అంటే తీగల కింద, మధ్యలో రంధ్రం ఉండే పై పలక. బ్యాక్, సైడ్స్ అంటే వెనుక పలక, పక్క పలకలు. నెక్ అంటే మెడ. దాని మీద వేళ్లు ఆడే పలక ఫ్రెట్‌బోర్డు, ఆ పలకలో అడ్డంగా దిగిన సన్నటి లోహపు కడ్డీలు ఫ్రెట్లు. టాప్ మీద తీగల కొసలు బిగించే చెక్కముక్క బ్రిడ్జి.

చెక్క మారితే నిజంగా నాదం మారుతుందా, అమ్మేవాళ్ల మాటలా?

టాప్ విషయంలో నిజం. మిగతా చోట్ల అమ్మేవాళ్ల మాటలు ఎక్కువ, నిజం తక్కువ.

టాప్ చేసే పని చూడండి. లైట్ గేజ్ అనే సన్నరకం స్టీలు తీగలు ఆరూ కలిసి దాదాపు 70 నుంచి 75 కిలోల బలంతో లాగుతాయి. ఆ లాగుడంతా బ్రిడ్జి మీదుగా రెండున్నర, మూడు మిల్లీమీటర్ల పలక మీద పడుతుంది. ఆ పలక వంగిపోకూడదు, అలాగని మొద్దులా కదలకుండా కూర్చోకూడదు. తీగ చిన్నగా వణికినా తాను పెద్దగా వణికి గాలిని కదపాలి. అంటే తేలిగ్గా ఉండాలి, బిరుసుగానూ ఉండాలి. ఈ రెండు గుణాలూ ఒకే చెట్టులో దొరకడం అరుదు. స్ప్రూస్ అనే చలిదేశాల సూదాకు చెట్లలో దొరుకుతాయి కాబట్టే వయొలిన్ నుంచి పియానో దాకా నాదపు పలకలు ఎక్కువగా దాంతోనే చేస్తారు. అందులో ఒక రకమైన సిట్కా స్ప్రూస్ ఘనమీటరు సుమారు 400 నుంచి 430 కిలోలు తూగుతుంది. మన ఇరుగుడు, అంటే మన దేశపు రోజ్‌వుడ్, అదే కొలతకు 800 కిలోలు దాటుతుంది. ఇరుగుడుతో టాప్ చేస్తే చూడ్డానికి బావుంటుంది, వినడానికి గిటారులో గుడ్డలు కుక్కినట్టుంటుంది.

స్పెయిన్‌లో ఆంటోనియో డి టోరెస్ అని, నేటి క్లాసికల్ గిటారుకు రూపమిచ్చిన పనివాడు ఉండేవాడు. 1862లో ఆయన ఒక గిటారుకు టాప్ మాత్రం మంచి స్ప్రూస్‌తో పెట్టి, బ్యాక్, సైడ్స్ కాగితపు గుజ్జుతో చేసి చూపించాడు. నాదం పుట్టేది ఎక్కడో చెప్పడానికే ఆ పని. ఆ గిటారు ఇప్పటికీ బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది.

మరి రోజ్‌వుడ్ బ్యాక్‌కీ మహాగని బ్యాక్‌కీ అంత ధర తేడా ఎందుకండీ?

చెట్టు అరుదు కాబట్టి, చూడ్డానికి అందం కాబట్టి. పేరు కూడా పలుకుతుంది.

బ్రిటన్‌లో లాంకాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు ఈ తగువును పరీక్ష పెట్టి చూశారు. సిట్కా టాప్‌తో, ఒకే కొలతలతో ఆరు గిటార్లు చేయించారు. బ్యాక్, సైడ్స్ మాత్రం వేరు వేరు: బ్రెజిల్ రోజ్‌వుడ్, మన దేశపు రోజ్‌వుడ్, మహాగని, మేపుల్, సపేలీ, వాల్‌నట్. 52 మంది గిటారిస్టులకు చెక్క కనబడకుండా వెల్డింగు కళ్లద్దాలు పెట్టి, మసక వెలుతురులో వాయించమన్నారు. ఫలితం 2018లో వచ్చింది. ఖరీదైన చెక్కకూ మార్కులకూ పెద్దగా సంబంధం కనబడలేదు.

దీన్నిబట్టి బ్యాక్ చెక్క ఏదైనా ఒకటేనని నేననను. ఇరుగుడు బరువైనది, తనలో నాదాన్ని తక్కువగా తినేస్తుంది. అందుకని మీటిన స్వరం కాసేపు నిలుస్తుంది, కింది స్వరాలు నిండుగా ఉంటాయి. మహాగని తేలిక, స్వరం చప్పున పలికి చప్పున తప్పుకుంటుంది, అందుకే పాట వెనక తీగలు గీసేటప్పుడు మాటలకు అడ్డురాదు. మేపుల్ ఇంకా పొడిగా, స్పష్టంగా ఉంటుంది. ఈ తేడాలు ఉన్నాయి, చిన్నవి. టాప్ పలుచన చేసేవాడి చెయ్యి, టాప్‌కు లోపల ఊతంగా అతికే బ్రేసింగు కర్రలు చెక్కిన తీరు వీటిని సులువుగా మింగేస్తాయి. బడ్జెట్టు బిగుతుగా ఉంటే బ్యాక్ దగ్గర తగ్గించుకుని టాప్ దగ్గరా పనివాడి దగ్గరా పెట్టండి.

టాప్‌కి స్ప్రూస్ మంచిదా, సెడార్ మంచిదా?

వాయించే చేతిని బట్టి.

వేళ్లతో నెమ్మదిగా మీటేవారికి సెడార్ హాయిగా ఉంటుంది. పశ్చిమ అమెరికా తీరపు ఎర్ర సెడార్ స్ప్రూస్‌కన్నా తేలిక, కాస్త మెత్తన. చిన్నగా తాకినా పలుకుతుంది. కొత్త గిటారు మొదటి రోజు నుంచే పండిన గొంతులా వినిపిస్తుంది. క్లాసికల్ గిటార్లలో దీనికి ఊపు తెచ్చింది 1960లలో మాడ్రిడ్‌కు చెందిన గిటారు పనివాడు మూడో హోసే రమీరెజ్. దీని లోపం, పిక్ (తీగలు మీటే బిళ్ల) పట్టుకుని గట్టిగా వాయిస్తే ఒక స్థాయి దాటాక గొంతు పెరగదు, పిసికినట్టవుతుంది. గోరు తగిలినా గీత పడుతుంది.

స్ప్రూస్‌లో నాలుగైదు రకాలు వినిపిస్తాయి. సిట్కా అలాస్కా నుంచి ఉత్తర కాలిఫోర్నియా దాకా సముద్రపొడ్డున పెరుగుతుంది. చెట్లు పెద్దవి, సరుకు బాగా దొరుకుతుంది, అన్ని రకాల వాయింపుకూ సర్దుకుంటుంది. ఏది అడగాలో తెలియకపోతే సిట్కా అనండి, తప్పు లేదు. ఎంగెల్‌మాన్ రాకీ పర్వతాలది, ఇంకొంచెం తేలిక, తెల్లగా ఉంటుంది, సెడార్‌కూ సిట్కాకూ మధ్య మనసున్నవారికి నప్పుతుంది. అడిరాండాక్ అనే ఎర్ర స్ప్రూస్ అమెరికా తూర్పు వైపుది, రెండో ప్రపంచ యుద్ధానికి ముందు మార్టిన్ కంపెనీ గిటార్లకు వాడినదిదే. బాగా బిరుసు, ఎంత గట్టిగా వాయించినా తట్టుకుంటుంది, ధర కూడా అంతే గట్టిగా ఉంటుంది. ఐరోపా స్ప్రూస్ ఆల్ప్స్ కొండలది. ఇటలీలో ఫియెమ్మె లోయ అడవికి వయొలిన్లు చేసిన స్ట్రాడివారి కాలం నుంచీ దీనివల్లే పేరు.

ఆదివారం చర్చిలో మైకు ముందు నిలబడి పాటల బృందం వెనక గట్టిగా తీగలు గీసేవారికి నేను సెడార్ చెప్పను. సిట్కా టాప్, మహాగని బ్యాక్. ఇంట్లో ఒక్కరూ కూర్చుని సినిమా పాటల వరస వేళ్లతో పలికించేవారికి సెడార్ గానీ ఎంగెల్‌మాన్ గానీ.

మూడు 'ఏ'ల గ్రేడు, నాలుగు 'ఏ'ల గ్రేడు అంటే?

రేఖలు ఎంత సన్నగా, సమంగా ఉన్నాయన్న అందం మార్కులు. వీటికి అందరూ ఒప్పుకున్న కొలబద్ద లేదు, ఒక దుకాణం నాలుగు 'ఏ'లు ఇంకో దుకాణంలో రెండు కావచ్చు. రంగు తేడా ఉన్న రెండు 'ఏ'ల పలక అద్భుతంగా పలకడం మామూలే.

చూడాల్సింది వేరే. పలక అంచు వైపు నుంచి చూస్తే రేఖలు నిటారుగా నిలబడి ఉండాలి. అంటే దుంగ నడుమ నుంచి బెరడు వైపుకు కోసిన పలక అన్నమాట. అలా కోస్తే తేమకు సాగడం, కుదించుకోవడం దాదాపు సగానికి తగ్గుతుంది. ఇంకొకటి, నార పలక ఉపరితలం వెంట సాగాలి, ఏటవాలుగా దిగిపోకూడదు. అద్దంలో బొమ్మలా రెండు ముక్కలు అతికిన టాప్‌ను వెలుతురులో అటూ ఇటూ తిప్పినప్పుడు ఒక సగం మెరిసి ఇంకో సగం మసకగా కనిపిస్తే నార దిగిపోతోందని గుర్తు. కొంచెం ఉంటే పర్వాలేదు, బాగా ఉంటే వద్దు.

మన గాలిలో తేమకు గిటారుకు ఏమవుతుంది? లెక్కలో చెప్పండి.

చెక్క చుట్టూ ఉన్న గాలితో రాజీపడేదాకా తేమను పీల్చుకుంటూనో వదులుతూనో ఉంటుంది. గాలిలో తేమ 45 శాతం ఉంటే చెక్కలో నీరు తన పొడి బరువులో 8 శాతం దగ్గర ఆగుతుంది. గిటార్లు చేసే గదులను అటూ ఇటుగా ఈ స్థితిలోనే ఉంచుతారు. అదే గాలిలో తేమ 80 శాతానికి వెళితే చెక్కలో నీరు 15, 16 శాతానికి చేరుతుంది. వానాకాలంలో కాకినాడలోనో నరసాపురంలోనో కిటికీలు తెరిచిన ఇంట్లో 80 శాతం అనేది విడ్డూరం కాదు.

ఇప్పుడు టాప్ సుమారు 400 మిల్లీమీటర్ల వెడల్పు. సిట్కా స్ప్రూస్ నిటారు రేఖల పలక నీరు 8 నుంచి 16 శాతానికి పెరిగితే వెడల్పులో ఒక శాతం పైచిలుకు ఉబ్బాలి. అంటే నాలుగు మిల్లీమీటర్లు దాటి. కానీ అంచులు పక్క పలకలకు అతుక్కుని ఉన్నాయి, పక్కకు సాగడానికి చోటు లేదు. అందుకని పైకి లేస్తుంది. బ్రిడ్జి లేస్తుంది, దాంతో తీగలు ఫ్రెట్ల మీద ఎత్తుకు పోతాయి, వేళ్లు నొప్పెడతాయి, నాదం మందగిస్తుంది. గిటార్లు బాగుచేసే మా బల్ల మీదకు వానాకాలంలో 'యాక్షన్ (తీగల ఎత్తు) పెరిగిపోయిందండీ' అంటూ వచ్చే గిటార్లలో ఎక్కువ భాగానికి జబ్బు ఇదే. చాలాసార్లు నేను చేసేదేమీ ఉండదు, పది రోజులు పొడి పెట్టెలో ఉంచితే దానంతటదే దిగుతుంది.

దీనికన్నా ప్రమాదం రోజువారీ ఊగిసలాట. రాత్రంతా ఏసీ గదిలో గోడకు వేలాడి పొద్దున్నే వసారాలోకి వచ్చే గిటారు రోజుకు రెండుసార్లు సాగి కుదించుకుంటుంది. పైగా మేలో పడమటి వడగాలి వీచే మధ్యాహ్నాలు రాజమండ్రిలో గాలి ఎండిపోతుంది, అదే రోజు అంతర్వేది ఒడ్డున సముద్రపు గాలికి చొక్కా ఆరదు. గోదావరి జిల్లాలని చెప్పి అందరికీ ఒకే సలహా ఇవ్వడానికి వీల్లేదు.

తేమకు తట్టుకునే చెక్క ఏది?

టాప్ వరకు ఏ చెక్కయినా కదులుతుంది. కానీ 'టోరిఫైడ్' అని వేడిపట్టిన టాప్‌లు వస్తున్నాయి. ప్రాణవాయువు బాగా తగ్గించిన పొయ్యిలో చెక్కను బాగా వేడి చేస్తారు, దాంతో తేమను పీల్చే గుణం తగ్గుతుంది. పాత గిటారు గొంతు వస్తుందని వీటిని అమ్ముతారు. ఆ మాట ఎలా ఉన్నా, డెల్టాలో ఉండేవారికి నేను వీటిని చెప్పేది తేమ కోసమే. కాస్త పెళుసుగా మారుతుంది కాబట్టి కింద పడేసే చేతుల్లో పెట్టొద్దు.

బ్యాక్‌కు ఇరుగుడు, టేకు నిలకడ గలవి, మహాగని కూడా బుద్ధిగా ఉంటుంది. నచ్చిన చెక్కలోనే నిటారు రేఖల పలక అడగడం మరిచిపోకండి.

లామినేట్ అంటే ప్లైవుడ్డేగా? అది చీప్ రకం కదా?

టాప్ లామినేట్ వద్దు. బ్యాక్, సైడ్స్ లామినేట్ అయితే చులకన చేయకండి. పలుచని పొరలు నార ఒకదానికొకటి అడ్డంగా వచ్చేట్టు అతికినందువల్ల అది అంతగా సాగదు, సులువుగా పగలదు. ఘన స్ప్రూస్ టాప్, లామినేట్ బ్యాక్ ఉన్న గిటారు కోనసీమ ఇంట్లో పదేళ్లు నిశ్చింతగా ఉంటుంది. ఆర్డరిచ్చి చేయించుకునేవారు ఈ మాట వినగానే మొహం చిట్లిస్తారని తెలుసు.

మా పెరట్లో పెద్ద పనసచెట్టు గాలివానకు పడిపోయిందండీ. దాంతో చేయించొచ్చా?

చేయించొచ్చు, బ్యాక్, సైడ్స్, నెక్ వరకు. ఈ ప్రశ్న నాకిష్టం.

పనస మనకు కొత్త వాద్యపు చెక్క కాదు. బొబ్బిలి వీణ, నూజివీడు వీణ పనసతోనే చేస్తారు. బొబ్బిలిలో ఒకే దుంగను తొలిచి చేసే ఏకాండ వీణ పేరు వినే ఉంటారు. కాకినాడలో పుట్టిన చిట్టిబాబు చేతిలో ప్రపంచం విన్న వాద్యం వీణే. కాబట్టి పనస నాదం మన చెవికి పాత చుట్టమే. చేవ పసుపుగా ఉండి, గాలి తగిలేకొద్దీ తేనె రంగుకు, తర్వాత గోధుమ రంగుకు తిరుగుతుంది. బరువులో మహాగనికి దగ్గరగా ఉంటుంది. గిటారు బ్యాక్‌గా మహాగనిలాగే పొడిగా, వెచ్చగా పలుకుతుంది.

టాప్ మాత్రం పనసతో వద్దు. వీణకు పై పలక కూడా పనసే కదా అంటారు. వీణ కుండకు గిటారు బొజ్జంత వెడల్పు లేదు, ఆరు స్టీలు తీగల లాగుడూ లేదు. పనస పలకను గిటారు తీగలకు తట్టుకునేంత మందంగా ఉంచితే బరువెక్కి పలకదు, పలికేంత పలుచన చేస్తే కుంగుతుంది.

ఇక దుంగ సంగతి. ఒక్కో వెనుక పలక సగానికి 8 అంగుళాలు మించిన వెడల్పు, 22 అంగుళాల పొడవు కావాలి. ఒక్కో పక్క పలక 5 అంగుళాల వెడల్పు, 33 అంగుళాల పొడవు. నిటారు రేఖలతో రావాలంటే దుంగ అడ్డకొలత 20 అంగుళాలు దాటాలి, నడిబొడ్డు చెక్క, తెల్లచెక్క తీసేస్తాం కాబట్టి. తెల్లచెక్క పుచ్చు పడుతుంది, దాన్ని మొహమాటం లేకుండా కొట్టేయించండి. చెట్టు పడిన వారంలోపే దుంగ రెండు కొసలకూ మైనమో పాత పెయింటో దట్టంగా పూయండి. కొసల నుంచి నీరు తొందరగా పోతే నెర్రెలు విచ్చేస్తుంది. మిల్లులో అంగుళంన్నర పలకలుగా కోయించి, మధ్యమధ్య ఒకే మందం పుల్లలు పెట్టి, నీడలో, గాలి ఆడేచోట పేర్చండి. ఎండలో పెడితే మెలి తిరుగుతుంది. అంగుళం మందానికి ఏడాది ఆరుదల అని వడ్రంగుల లెక్క. మన గాలిలో ఆ ఏడాది తర్వాత కూడా 14 శాతం దిగువకు రాదు. ఆఖరు ఆరుదల పనివాడి పొడి గదిలో జరగాల్సిందే. కొట్టేయించే ముందు, తరలించే ముందు అటవీ శాఖ అనుమతి కావాలేమో రేంజి కార్యాలయంలో అడగండి. చెట్టును బట్టి నియమం మారుతుంది.

తాతగారి మండువా ఇల్లు విప్పేస్తున్నారు. ఆ టేకు దూలాలు?

వదులుకోకండి. పాత ఇళ్ల టేకు, అందులోనూ బర్మా టేకు, దశాబ్దాలపాటు వానా ఎండా చూసి కుదుటపడిన చెక్క. కొత్తగా కోసిన తోట టేకుకన్నా రేఖలు దగ్గరగా ఉంటాయి, నిలకడ ఎక్కువ. నెక్‌కు గానీ బ్యాక్‌కు గానీ నేను సంతోషంగా ఒప్పుకుంటాను.

చిక్కులు మూడు. దూలంలో లోపల విరిగిపోయిన మేకులుంటాయి. మిల్లువాడికి ముందే చెప్పకపోతే రంపం పళ్లు పోతాయి, ఆ తర్వాత మీ మాట వినడు. రెండోది, టేకులో నూనె ఉంటుంది, జిగురు సరిగా పట్టదు. అతికే ముందు అప్పుడే చిత్రిక పట్టి, స్పిరిటుతో తుడిచి, వెంటనే అతికించే పనివాడు కావాలి. మూడోది, అందులో ఇసుక లాంటి పదార్థం ఉండి ఉలిని మొద్దుబారుస్తుంది, కాబట్టి కూలి ఎక్కువ అడుగుతారు. అడగనివ్వండి.

తాళ్లరేవు, కోరంగి వైపు చెక్క పడవలు కట్టే వడ్రంగం తరతరాలుగా ఉంది, వాళ్లకు చూపిస్తే ఏ దూలం పనికొస్తుందో చేత్తో తట్టి చెప్పేవాళ్లు దొరుకుతారు. గిటారు మాత్రం వాళ్లచేత చేయించకండి.

కొబ్బరి, తాడి, సరుగుడు, మామిడి, నిద్రగన్నేరు?

కొబ్బరి, తాడి గట్టి నారకట్టలే తప్ప చెట్టు వలయాలు లేని మానులు, పలుచని పలకగా వంచితే విడిపోతాయి. రంధ్రం చుట్టూ అలంకారానికి కొబ్బరి ముక్క పొదిగించుకోండి, బావుంటుంది. సరుగుడు చీలుతుంది, వద్దు. మామిడి బ్యాక్‌కు వాడతారు, హవాయి వైపు యుకలేలీలకు పేరున్న చెక్క, కానీ పుచ్చు, మచ్చలు చూసుకోవాలి. నిద్రగన్నేరు చేవ చాలా అందంగా ఉంటుంది, మెత్తన, బ్యాక్‌కు పనికొస్తుంది.

ఎర్రచందనంతో?

ఆ ఊసెత్తొద్దు. శేషాచలం కొండల చెట్టు, అంతర్జాతీయ రక్షణలో ఉన్నది, కాగితాలు లేని ముక్క ఇంట్లో ఉండటమే కేసు. నాదం కోసం అంత సాహసం అక్కర్లేదు, పని ఇరుగుడుతోనే అవుతుంది.

ఇరుగుడు మన దేశపు చెట్టే కదా, రాజమండ్రి అడితిలో కొనేసి ఇచ్చేస్తే చవకా?

ఏజెన్సీ కొండల నుంచి కలప గోదావరి మీద తెప్పలుగా దిగిన కాలం నుంచీ రాజమండ్రి కలపకు పేరే. కానీ అడితిలో దొరికేది తలుపులకూ మంచాలకూ కోసిన సరుకు. ఇరుగుడు (కొందరు జిట్రేగి అంటారు) దొరికినా రేఖలు పడుకుని ఉంటాయి, ఆరుదల సరిపోదు. గిటార్లకు వెళ్లే ఇరుగుడు ఎక్కువగా పడమటి కనుమల వైపు నుంచి, ఆ పనికోసమే కోసిన జతలుగా వస్తుంది. 1969 నుంచి మార్టిన్ కంపెనీ బ్రెజిల్ రోజ్‌వుడ్ వదిలి మన ఇరుగుడుకు మారింది, ప్రపంచమంతా దాని వెనకే నడిచింది. కాబట్టి జత కొనడం పనివాడికే వదిలేయండి, కొన్న బిల్లు మాత్రం అడిగి దాచుకోండి.

ఆ గిటారును అమెరికాలో ఉన్న మా తమ్ముడికి పంపొచ్చా?

ఇరుగుడు జాతి మొత్తం 2017 జనవరి 2 నుంచి అరుదైన చెట్లు, జంతువుల వ్యాపారాన్ని దేశాల మధ్య అదుపు చేసే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలోకి వెళ్లింది, అప్పట్లో గిటారు దేశం దాటించడానికి కూడా కాగితాలు కావాల్సి వచ్చేది. 2019 నవంబరు నుంచి తయారైన వాద్యాలకు ఆ బెడద తీసేశారు. కాబట్టి పూర్తయిన ఇరుగుడు గిటారుకు సైటిస్ అనుమతి అక్కర్లేదు. విడి చెక్కకు కావాలి. బ్రెజిల్ రోజ్‌వుడ్ సంగతి వేరు, అది 1992 నుంచి మొదటి అనుబంధంలో ఉంది, దాంతో చేసినది పంపే ఆలోచనే పెట్టుకోవద్దు. ఏ భాగం ఏ చెక్కో శాస్త్రీయ నామాలతో పనివాడిచేత ఒక కాగితం మీద రాయించుకుంటే కస్టమ్స్ దగ్గర మాట తగ్గుతుంది.

తమ్ముడు ఉన్న ఊళ్లో చలికాలం గాలి పొడిగా ఉంటుంది. మన దగ్గర ఉబ్బినది అక్కడ ఎండి పగులుతుంది. పెట్టెలో తేమనిచ్చే ప్యాకెట్టు వేసి పంపండి.

ఫ్రెట్‌బోర్డుకు ఎబొనీ తప్పనిసరా?

కాదు. ఎబొనీ గట్టిది, నున్నగా ఉంటుంది, వేలి అరుగుదలకు తట్టుకుంటుంది. ఎక్కువగా కామెరూన్ నుంచి వస్తుంది. ఇరుగుడు కూడా బాగా పనిచేస్తుంది, పైగా ఎబొనీ కన్నా పగుళ్లు తక్కువ. ఎబొనీ ఎంచుకుంటే బాగా ఆరినదై ఉండాలి. ఆరని ఎబొనీ ఏసీ గదిలో కుదించుకుంటే ఫ్రెట్ల కొసలు పక్కకు పొడుచుకొచ్చి చేతికి గుచ్చుకుంటాయి.

నేను కర్ణాటక సంగీతం వాయిస్తాను. గమకానికి ఏ చెక్క?

గమకం తీగను పక్కకు లాగడంలో ఉంది కాబట్టి చెక్కకన్నా తీగల మందం, ఫ్రెట్ల ఎత్తు, తీగ ఎత్తు ముఖ్యం. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద గమకాన్ని పలికించాడు. ఎకౌస్టిక్‌లోనే కావాలంటే స్వరం నిలిచే జత తీసుకోండి: బిరుసైన స్ప్రూస్ టాప్, ఇరుగుడు బ్యాక్, ఎత్తయిన ఫ్రెట్లు, సన్న తీగలు. సన్న తీగలకు తగ్గట్టు టాప్ పలుచన చేయమని పనివాడికి మొదటే చెప్పాలి. తర్వాత చెబితే లాభం లేదు.

పనివాడిని ఏమడగాలి?

చెక్క పేరు అడిగే ముందు తేమ మీటరు అడగండి. టాప్ చెక్క ఎన్నాళ్లుగా ఆయన దగ్గర ఉంది? అతికే రోజు గదిలో తేమ ఎంత ఉంచుతారు? 'మా ఊళ్లో గాలి బావుంటుందండీ, ఏమీ కాదు' అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. బెంగళూరు వైపు పనివాళ్లకు మీ ఊరి పేరు చెప్పి, సముద్రానికి ఎంత దూరమో చెప్పండి. 45 బదులు 50, 55 శాతంలో అతికితే మన దగ్గర ఉబ్బడం తగ్గుతుంది.

నెక్ బోల్టులతో బిగించేది అడగండి. ఎప్పటికైనా నెక్ కోణం సరిచేయాల్సి వస్తుంది, అప్పుడు జిగురు కరిగించే పని తప్పుతుంది. లోపల రెండువైపులా తిరిగే ట్రస్ రాడ్ (నెక్ వంపు సరిచేసే లోహపు కడ్డీ) ఉండాలి. లక్కతో చేసే ఫ్రెంచి పాలిషు అందమైనదే కానీ మన చెమటకు మచ్చలు పడుతుంది, సన్నటి లాకరు చాలు.

ఇంట్లో తేమ కొలిచే మీటరు నమ్మొచ్చా?

పరీక్షించి నమ్మండి. సీసా మూతలో ఉప్పు పోసి, నాలుగు చుక్కలు నీళ్లు వేసి ముద్దగా చేయండి. కరిగి నీరవకూడదు. ఆ మూతనూ మీటరునూ గాలి చొరని డబ్బాలో ఒక రాత్రంతా మూసి ఉంచండి. పొద్దున మీటరు 75 చూపాలి. 80 చూపిస్తే ఎప్పుడూ 5 తగ్గించి చదువుకోండి.

గిటారును గోడకు వేలాడదీయకుండా పెట్టెలోనే ఉంచి, రెండువైపులా పనిచేసే, అంటే తేమ ఎక్కువైతే పీల్చి తక్కువైతే వదిలే ప్యాకెట్లు వేయండి. శ్రావణం, భాద్రపదాల్లో అవి తొందరగా నిండిపోతాయి, అప్పుడు సిలికా జెల్ సంచులు తోడు పెట్టండి. సిలికా జెల్ వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు.

ఆర్డరిచ్చిన గిటారు ఏ నెలలో తెచ్చుకోవాలి?

సంక్రాంతి దాటాక, ఫిబ్రవరి లోపు. గాలి మరీ తడిగానూ మరీ పొడిగానూ ఉండదు కాబట్టి గిటారు నెమ్మదిగా అలవాటు పడుతుంది. తెచ్చిన రోజు పెట్టె తెరవకుండా ఒక రాత్రి గదిలో ఉంచి, మర్నాడు తెరవండి. నెల తర్వాత తీగల ఎత్తు 12వ ఫ్రెట్ దగ్గర కొలిచి రాసిపెట్టుకోండి, ఆగస్టులో మళ్లీ కొలవండి. తేడా ఒక మిల్లీమీటరు దాటితే పనివాడికి ఫోను చేయండి. కారులో తెచ్చుకునేటట్టయితే డిక్కీలో వేసి ఎండలో నిలపకండి, ఆ వేడికి జిగురు మెత్తబడి బ్రిడ్జి ఊడొస్తుంది.